గెడ్డ మీద కట్టిన రేవు

కొలాబు డాము కట్టి నీళ్ళు నిలబెట్టినప్పుడు జయపురం బజారులో మావాళ్ళంతా మునిగిపోయిన ఊళ్ళ గురించి జాలిపడ్డారు. నేనూ పడ్డాను. జాలిపడ్డాక ఆ నీటి అంచు పట్టుకుని తిరిగి చూశాను. కొండల మీద పల్లెలు మిగిలాయి, వాళ్ళు సంతకు వచ్చే దారులు మునిగిపోయాయి. అంటే ఇక దోనెల మీద రావాలి. దోనె ఆగిన చోట పసుపు, చింతపండు, వలిసె గింజలు కొనేవాడొకడు ఉండాలి. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు అమ్మేవాడొకడు ఉండాలి. ఆ ఇద్దరూ నేనే ఎందుకు కాకూడదనుకుని బొడిగుడలో కొట్టు పెట్టాను.

"మన్మథరావు కప్పలకి ఉప్పమ్ముతాడట" అని బజారులో నవ్వారు. మా తాత ఉప్పుబస్తాల ఎద్దుల వెనక సాలూరు ఘాటీ ఎక్కి ఈ దేశం వచ్చిన రోజునా ఎవరో ఒకరు నవ్వే ఉంటారు. నవ్వినవాళ్ళ కొట్లు ఇప్పుడు ఎక్కడున్నాయో నాకు తెలియదు.

బొడిగుడ దగ్గర నీళ్ళకు వెడల్పు ఉంది గానీ లోతు లేదు. పూర్వం అవి పల్లపు పొలాలు, మధ్యలోంచి ఒక గెడ్డ, అంటే చిన్న ఏరు, పారేది. కార్తీకంలో డాము నిండినప్పుడు చూస్తే సముద్రమే అనుకుంటారు. మాఘం దాటి నీరు తీసేకొద్దీ పొలాలన్నీ బురదై బయటపడతాయి. పాత గెడ్డ పల్లం ఒక్కటే నీళ్ళతో మిగిలి, సంత మైదానం పక్కనుంచి నా కొట్టు వెనక్కి వస్తుంది. ఎండాకాలమంతా అవతలి ఒడ్డు దోనెలకు దారి ఆ పాయ ఒక్కటే. దాన్ని చూసుకునే నేను కొట్టు అక్కడ పెట్టాను.

సోమేశ్వరరావు కూడా ఆ పాయని చూసుకునే నా పక్క స్థలం కొన్నాడు. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆయన జయపురంలో కాంట్రాక్టరు. డొరగుడ దగ్గర ఫ్యాక్టరీ వస్తుందన్నప్పుడు రోడ్డు పనులు పట్టి పైకి వచ్చాడు. తొంభై ఎనిమిదిలో రథయాత్రకు పూరీ వెళ్ళి, తిరిగి వస్తూనే నా కొట్టు ముందు జీపు ఆపాడు. చేతిలో చిన్న ఎర్రగుడ్డ సంచీ. అందులో జగన్నాథుడి నిర్మాల్యం, అంటే ఎండబెట్టిన ప్రసాదం మెతుకులు.

"మనం ఇద్దరం మహాప్రసాద్ కడదాం. నోరు తెరు" అన్నాడు.

ఇది ఒడియావాళ్ళ ఆచారం. ఆ మెతుకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే ఇద్దరూ తోడబుట్టినవాళ్ళకంటే ఎక్కువ. ఆ తరవాత పేరు పెట్టి పిలుచుకోరు, "మహాప్రసాద్" అనే పిలుచుకుంటారు. ఒకరింట పెళ్ళీ చావూ రెండోవాడివి కూడా. ఒకడి మీద ఒకడు కచేరీ మెట్టు ఎక్కడు. తరాలుగా ఇక్కడ బతుకుతున్న మా తెలుగువాళ్ళం కూడా దీన్ని మా ఆచారమే అన్నట్టు పట్టుకున్నాం. కులం అడ్డురాని చుట్టరికం ఇదొక్కటే మరి.

నేను ఆలోచించాను. డొరగుడ ఫ్యాక్టరీ పనివాళ్ళ క్యాంపుకు బియ్యం, పప్పు వేసే బేరం ఆయన చేతిలో ఉంది. నోరు తెరిచాను.

జీపు వెళ్ళాక నా భార్య విజయదుర్గ లోపల్నుంచి వచ్చింది. "పూరీ నుంచి వచ్చినోడు ముందు ఇంటికెల్తాడు గానీ, కిరసనాయిలు కొట్టుకొస్తాడేటండీ?"

"స్నేహం కొద్దీ వచ్చేడు."

"మీరు నోరు తెరిసేరు. ఆయన దాన్ని మూసేడు. అంతే జరిగింది."

మూసింది దేనికో మాఘంలో తెలిసింది. పక్క స్థలంలో గెస్ట్‌హౌసు పునాదులు లేచాయి. దాని ముందునుంచి నీళ్ళలోకి జెట్టీ కడుతున్నాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లను, కంపెనీవాళ్ళను లాంచీ ఎక్కించి తిప్పుతాడట. లాంచీకి ఎండాకాలంలో కూడా లోతు కావాలి, ఆ లోతు గెడ్డలో తప్ప లేదు. లారీలు బండరాళ్ళు తెచ్చి బురద మీదుగా కట్ట పోశాయి. "గెడ్డ మేర వదిలేస్తాం, భయపడకండి" అని మేస్త్రీ చెబుతూ వచ్చాడు. తొలకరికి ముందు ఆ మేర కూడా పూడ్చి, కట్టకు బయటివైపు మెట్లు దించి, పైన కాంక్రీటు పోశారు. ఇవతలి చివర ఇనుపగేటు పెట్టారు.

అప్పుడు జనం నా కొట్టుకు వచ్చారు. ముందు వచ్చినవాడు జోగయ్య. అతను సంతలో టీ కాస్తాడు, నీరు తీసిన బురదలో దోస, గుమ్మడి వేస్తాడు. వెంట చేపలవాళ్ళు. అవతలి ఒడ్డు నుంచి కుంతి. ఆమె కొండల మీది పరజా తెగ మనిషి, సొంత దోనె ఉంది. ఆమె కదిలితే ఆ ఒడ్డు ఆడవాళ్ళందరూ కదులుతారు.

జోగయ్య అర్జీ కాగితం నా ముందు పెట్టాడు. "సంతకం ముందు నీదే ఉండాల. ఆఫీసులో నిన్ను సూస్తే కుర్సీ ఏస్తారు. మాకైతే గుమ్మం సూపిస్తారు."

నేను కలం తీశాను. గోనెల మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్న కుంతి తల ఎత్తింది.

"సావుకారీ, ఆగు. నిర్మాల్యం తిన్న నోరు కదా నీది. ఆయన మీద ఫిర్యాదు ఎలాగ సెప్తావు?"

"మీ దారి కోసమే కదా!"

"మా దారి కోసమే. కాదన్నానా? మరి రేపు మా ఆడోళ్ళు నీ తక్కెడ ముందర నిలబడి ఏటనుకుంటారు? జగన్నాథుడి కాడే మాట తప్పినోడు పసుపు కాడ తప్పడా అనుకోరూ?"

నేను కలం మూసేశాను.

ఆమె చెప్పింది నా వ్యాపారం మొత్తం. అవతలి ఒడ్డువాళ్ళు తూకపురాళ్ళ మీద గుర్తులు చదవలేరు. నా చెయ్యి చూస్తారు, నా ముఖం చూస్తారు, ఇచ్చింది తీసుకుని వెళ్తారు. సంతకం పెడితే ఆ నమ్మకం పోతుంది. పెట్టకపోతే దోనెలే పోతాయి. ఎటు తూచినా నష్టమే కనిపించింది. నష్టం రెండువైపులా ఉన్నప్పుడు తొందరపడి ఏదో ఒకటి ఎత్తుకోకూడదని మా తాత అనేవాడట.

"సరే, అన్నదమ్ములిద్దరూ సుకంగా ఉండండి" అని జోగయ్య కాగితం లాక్కున్నాడు. "మేం ఏలిముద్దరలేసుకుంటాం. మా ఏళ్ళకి ఏ ప్రసాదమూ అంటుకోనేదు."

అర్జీ వెళ్ళింది. వానలు వచ్చాయి. నీళ్ళు పెరిగి కట్ట రాళ్ళన్నీ మునిగాయి, పైన కాంక్రీటు ఒక్కటే కనిపించేది. దోనెలు దాని చివరను చుట్టి, మునిగిన పొలాల మీంచే వచ్చాయి. తహసీల్ ఆఫీసు బాబు విచారణకు వచ్చింది కార్తీకంలో. నిండు నీళ్ళు, మధ్యలో తెల్లని జెట్టీ, దాని పక్కన హాయిగా తిరుగుతున్న దోనెలు. "అడ్డు ఎక్కడ?" అని అడిగి, అడ్డేమీ లేదని రాసుకుని వెళ్ళిపోయాడు. మేమూ గట్టిగా చెప్పలేదు. నీళ్ళు నిండినప్పుడు మా ఊరివాళ్ళకు బురద గుర్తుండదు. అర్జీ ఎండలో పెట్టాలి, విచారణా ఎండలోనే జరిపించుకోవాలి. ఇది మాకు తెలిసి ఉండవలసిన సంగతి.

ఫాల్గుణంలో రాళ్ళు పైకి వచ్చాయి. గెడ్డకు అడ్డంగా గోడలా నిలబడ్డాయి. దోనెలు బయటే ఆగిపోయేవి. ఆడవాళ్ళు పసుపు గంపలు నెత్తిన పెట్టుకుని తొడల్లోతు బురదలో పడుతూ లేస్తూ వచ్చేవారు. చింతపండు బురదలో పడితే ఇక అది చింతపండు కాదు. నొప్పులు పడుతున్న ఒక పిల్లను మంచం మీద మోసుకొస్తూ మోసేవాళ్ళు దిగబడిపోతే, సంతలో ఉన్న మగాళ్ళంతా వెళ్ళి లాక్కొచ్చాం. సంతకు వచ్చే దోనెలు వారం వారం తగ్గాయి.

నేను సోమేశ్వరరావు దగ్గరకు వెళ్ళాను. జెట్టీ మీద కటకటాలకు రంగు వేయిస్తున్నాడు. పైవారం ప్రారంభోత్సవం.

"మహాప్రసాద్, గెడ్డ మేర రాళ్ళు తీయించు. పైన పలక ఏసుకో. నీ లాంచీ బయటే ఆగుద్ది, ఆళ్ళ దోనెలు కిందనుంచి వస్తాయి. ఎవుడికీ నష్టం నేదు" అన్నాను.

"రాళ్ళు తీస్తే వరదకి మొత్తం కదిలిపోద్దని ఇంజినీరు సెప్పేడు."

"ఆ ఇంజినీరు ఎప్పుడైనా ఆ బురదలో నడిసేడేటి?"

ఆయన నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి, రంగులేసేవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. "నీకేటి కష్టం వచ్చింది? నీ సరుకు దిగాలంటే ఈ మెట్ల మీదే దించుకో. నాదీ నీదీ అని ఏరే ఉందా మనకి? ఇది నీ రేవే అనుకో."

రంగులేసేవాళ్ళు ఆయన పెద్దమనసుకు తలలూపారు. నేను ఇంటికి వచ్చాను.

"ఏటన్నాడు?" అంది విజయదుర్గ.

"రాళ్ళు తియ్యడట. నీ రేవే అనుకో అన్నాడు."

ఆమె చేటలో మిరపకాయలు ఏరుతోంది. చెయ్యి ఆపకుండానే అంది. "మరి అనుకోండి."

మహాప్రసాద్ మీద కచేరీకి ఎక్కకూడదు గానీ, మహాప్రసాద్ ఇచ్చిన మాట మీద ఆయన రేవు ఎక్కవచ్చు. ఆ మాటకు సాక్షులూ ఉన్నారు. చేపలవాళ్ళతో కుంతికి కబురు పంపాను.

సోమేశ్వరరావు ప్రారంభోత్సవానికి మంచి ముహూర్తం చూసుకున్నాడు గానీ, ఆ రోజు సంత అని చూసుకోలేదు. పట్నంలో ఉండేవాళ్ళకు వారాలు ఆఫీసు సెలవులను బట్టి తెలుస్తాయి. పొద్దున్నే నేను తక్కెడ, గోనెలు, ఉప్పుబస్తా తీసుకుని గేటు దాటాను. కుర్చీలు సర్దుతున్న కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవుర్ని అడిగి ఎక్కేరు?"

"మా మహాప్రసాద్‌ని. నిన్ను పెట్టిందీ ఆయనే, నాకు రేవు ఇచ్చిందీ ఆయనే. నిలబడి సూత్తావేటి, ఆ బస్తా ఒక పక్క పట్టు."

పాపం, పట్టాడు.

దోనెలు గెడ్డలోంచి వచ్చి ఒకదాని పక్కన ఒకటి మెట్లకు కట్టుకున్నాయి. గంపలు చేతికి చేతికి పైకి వచ్చాయి. కొత్త రంగు కటకటాలకు కోళ్ళను కాళ్ళతో కట్టేశారు. కొండచీపుళ్ళు, అడ్డాకుల మోపులు, అల్లం, చింతపండు పరచుకుంటూ ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. తక్కెడ నేను గేటు పక్క స్తంభానికి వేలాడదీశాను. అంతవరకూ మైదానంలో నిలబడి చూస్తున్న జోగయ్య పొయ్యి, కెటిలు ఎత్తుకుని వచ్చేశాడు.

"అన్నదమ్ముల రేవు కదా, తమ్ముడి వరసలో నేనూ ఒక పక్కన కూసుంటాను" అన్నాడు.

జీపులు వచ్చేసరికి గేటుకు అడ్డంగా ఎర్ర రిబ్బను ఉంది, రిబ్బను అవతల సంత నడుస్తోంది. కార్తీకంలో వచ్చిన తహసీల్ బాబు కూడా అతిథుల్లో ఉన్నాడు. సోమేశ్వరరావు ముఖం చూసి ఒక కోడి అరిచింది, లేకపోతే నాకు అలా అనిపించింది.

"ఏటిది మహాప్రసాద్?" అన్నాడు, పళ్ళు బిగించి.

"సరుకు దించుకోమన్నావు. దించుకుంటన్నాం."

"నిన్నన్నాను గానీ, ఊరందర్నీ అన్నానేటి?"

"నా సరుకు ఒకో గంప ఒకో మనిషి నెత్తి మీద వస్తాది. మనిషిని నీళ్ళలో వదిలేసి గంప ఒక్కదాన్నీ దించడం నాకు సేతకాదు."

తహసీల్ బాబు ఒడియాలో అడిగాడు, మీరిద్దరూ మహాప్రసాదా అని. సోమేశ్వరరావు ఆ సంగతి జయపురమంతా చెప్పుకున్న మనిషి. కాదనలేడు. అవునన్నాడు. మరి రేవు వాడుకోమని మాట ఇచ్చారా అని అడిగాడు బాబు. రంగులేసినవాళ్ళు అక్కడే డబ్బాలు కడుక్కుంటున్నారు.

"ఏదో మాటవరసకి అన్నాను."

"మహాప్రసాద్ దగ్గర మాటవరస కూడా ఉంటుందా?" అన్నాడు బాబు. కూడా వచ్చినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు సోమేశ్వరరావుకు ఎంత గుచ్చుకుందో నాకు తెలుసు. నేనూ బజారు మనిషినే.

బాబు కుంతి వైపు తిరిగాడు. కార్తీకంలో మీ దోనెలన్నీ ఒడ్డుకే వెళ్ళేవి, నేను చూశాను, ఇప్పుడు ఇక్కడెందుకు దిగుతున్నారు అని అడిగాడు.

"కార్తీకంలో ఈ రాళ్ళు నీళ్ళకింద దాక్కున్నాయి బాబూ. అయి బయటికొచ్చినప్పుడు నువ్వు రానేదు" అంది కుంతి. లేచి మెట్లు దిగి దోనె తాడు పట్టుకుంది. "రా, ఎక్కు. సూపిస్తాను."

అతను అంతమంది చూస్తుంటే వెనక్కి తగ్గలేక, జోళ్ళు చేతబట్టుకుని ఎక్కాడు. కుంతి గెడకర్ర వేసి దోనెను కట్ట వెంటే నడిపించింది. దోనె ముక్కు ఒకచోట రాళ్ళకు గీసుకుంది, మరోచోట గుద్దుకుని ఆగిపోయింది. ఎక్కడా సందు లేదు. "ఇంక దిగాల బాబూ. మేం రోజూ దిగేది ఇక్కడే" అంది. అతను దిగాడు. తొడలదాకా దిగబడ్డాడు. ఒడ్డుకు చేరేసరికి జోళ్ళలో ఒకటే చేతిలో ఉంది. విజయదుర్గ చెంబుతో నీళ్ళు పోస్తే నా కొట్టు అరుగు మీద కాళ్ళు కడుక్కున్నాడు. వెళ్ళేముందు జోగయ్యను పిలిచి, అర్జీ మళ్ళీ రాసి ఇమ్మన్నాడు.

రిబ్బను ఆ రోజు ఎవరూ కోయలేదు.

సాయంత్రం సోమేశ్వరరావు ఒక్కడే కొట్టుకు వచ్చాడు. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"కచేరీ ఎక్కకుండానే నా పరువు తీసేవు."

"నేను సంతకం ఎట్టనేదు, ఎట్టను కూడా. నీ మాట నిలబెట్టేను. అది తప్పా?"

"గేటుకి తాళం ఏసేస్తాను."

"ఏసుకో. ఆళ్ళు వచ్చేది నీళ్ళమీంచి. నేనూ దోనె మీదే వచ్చి కూసుంటాను. గంపలు గేటు మీంచి అందుకుంటారు."

"డొరగుడ సరుకు ఇంకొకడికి ఇచ్చేస్తాను."

ఇది వస్తుందని తెలుసు. ముందే తూచుకుని ఉన్నాను. క్యాంపు ఇవాళ ఉంటుంది, పని అయ్యాక లేచిపోతుంది. అవతలి ఒడ్డు ఎక్కడికీ లేచిపోదు. అయినా చేతికొచ్చిన బేరం పోవడం ఏ షావుకారుకీ ఇష్టం కాదు.

"ఇచ్చేయ్" అన్నాను.

"ఎన్నాళ్ళు కూసుంటావలాగ?"

"గెడ్డ తెరిసేదాకా. తెరిసిన మర్నాడు నీ రేవులో కాలెడితే అడుగు. నీ ఇంట్లో పెళ్ళికి మాత్రం పిలవకపోయినా వస్తాను, మహాప్రసాద్‌ని కదా."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

అన్నట్టే తాళం వేశాడు. మేమూ అన్నట్టే వచ్చాం. గేటు అవతల కొనేవాళ్ళు, ఇవతల అమ్మేవాళ్ళు, మధ్యలో నేను తక్కెడతో. మెట్లకు ముళ్ళకంప కట్టించాడు. కుంతి పెద్దకత్తి తెచ్చి నరికి, ఆ కంపను జోగయ్య పొయ్యిలోకి ఇచ్చింది. సంత లేని రోజుల్లోనూ చేపలవాళ్ళు దోనెలు అక్కడే కట్టేసేవారు. లాంచీ వస్తే ఆగడానికి చోటు ఉండేది కాదు. తెల్లని కాంక్రీటు నిండా పసుపు మరకలు, కోడిరెట్టలు. గెస్ట్‌హౌసుకు వచ్చిన అతిథులు ఒకసారి చూసి మళ్ళీ రాలేదు. డొరగుడ బేరం కకిరిగుమ్మ షావుకారుకు వెళ్ళిందని తెలిసింది. తను ముందే చెప్పానని విజయదుర్గ దెప్పలేదు. సంత రోజున తక్కెడ తనే తుడిచి ఇచ్చింది.

వైశాఖంలో తహసీల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, గెడ్డ మేర అడ్డు తొలగించమని. ఆ కాగితానికి లొంగాడో, కోడిరెట్టలకు లొంగాడో నాకు తెలియదు, నేను అడగలేదు. పాత మేస్త్రీయే గునపాలు, మనుషులతో వచ్చాడు. సోమేశ్వరరావు గొడుగు వేసుకుని కట్ట మీద నిలబడ్డాడు. గెడ్డ మేర కాంక్రీటు పగలగొట్టి, రాళ్ళు ఒక్కొక్కటే తీసి ఒడ్డుకు వేస్తుంటే పాయలో నీళ్ళు మొదట మురికిగా, తరవాత తేటగా కదిలాయి. మధ్యాహ్నానికి సందు పడింది. మేస్త్రీ చెమట తుడుచుకుని, "అయిపోయింది" అన్నాడు.

అవతల కాచుకుని ఉన్న కుంతి దోనె నడిపింది. నిండా పనసకాయలు. సందులోంచి దోనె వచ్చింది గానీ, రెండు పక్కలా రాళ్ళకు రాసుకుంటూ వచ్చింది. సరిగ్గా మధ్యలోకి రాగానే ఆమె గెడకర్ర బురదలో పాతి ఆపేసింది.

"ఇది సాలదు" అంది. "పండగ సంతకి ఒక దోనె పోతుంటే ఒక దోనె ఎదురొస్తాది. ఎక్కడ తప్పుకుంటాం?"

"నోటీసులో దారి అన్నారు గానీ, రెండు దార్లన్నారేటి?" అన్నాడు మేస్త్రీ.

"మరి నువ్వు కట్టినప్పుడు ఎవుర్ని కొలత అడిగేవు?"

మేస్త్రీ సోమేశ్వరరావు వంక చూశాడు. ఆయన నా వంక చూశాడు. నేను ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"నన్ను సూడకు మహాప్రసాద్. దోనె ఆమెది, గెడ్డ ఆళ్ళది. నాది కొట్టు ఒక్కటే" అన్నాను.

ఎండ మండుతోంది. కుంతి దోనెలో కూర్చుని చుట్ట వెలిగించుకుంది. ఆమె వెనక మరో దోనె వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. ఎవరూ కేకలు వేయలేదు. కూర్చున్నారంతే. సోమేశ్వరరావు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. చివరకు మేస్త్రీకి తల ఊపాడు.

మేస్త్రీ గునపం అందుకుని పక్కరాయి కింద గుచ్చాడు. దోనె కాస్త పక్కకు తీయమని కుంతిని అడిగాడు. ఆ రాయి లేచేదాకా ఆమె తీయలేదు.